రాత్రి డ్యూటీవారి చుక్కలు

నెల్లూరికి ఉత్తరముగా, కావలికి దక్షిణముగా, సముద్రపు గాలి సోకునంత దాపున నున్న బిట్రగుంట నిజమునకు రెండు ఊళ్లు. కొండమీద ప్రసన్న వేంకటేశ్వరుడు వెలసిన కొండ బిట్రగుంట ఒకటి. రాత్రి సేవ ముగిసి గుడి తలుపులు మూసిన పిమ్మట అది లోకములోని తక్కిన ఊళ్లవలెనే కన్ను మూయును. రెండవది రైలువారి బిట్రగుంట. దానికి కన్ను మూయు అలవాటు లేదు. 1899లో మద్రాసు, బెజవాడల నడుమ రైలుమార్గము కలిసిన పిమ్మట, యంత్రములకు బొగ్గును నీటిని పట్టుటకును, అలసిన డ్రైవరు దిగి అలయని డ్రైవరు ఎక్కుటకును అనువైన తావుగా ఈ ఊరు పెరిగి, షెడ్డు, యార్డు, రన్నింగు రూము, వరుసలు తీరిన క్వార్టర్లు ఏర్పడి, మూడు డ్యూటీలుగా పగిలిన ఇరువది నాలుగు గంటల దినము ఇక్కడి సంసారములకు అలవాటైనది. 1908లో మద్రాసు అండ్ సదరన్ మరాఠా కంపెనీ పుట్టినది; 1951లో అది దక్షిణ రైల్వేలో కలిసినది; 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే అవతరించినది. పేర్లు మారినవి, టోపీల మీది బిళ్లలు మారినవి. రాత్రి పదింటికి అన్నపు క్యారియరు పట్టుకొని షెడ్డు వైపు నడిచిపోవు మనుష్యుడు మాత్రము మారలేదు.

ఈ మనుష్యుని గూర్చి వ్రాయవలెనను కోరిక నాకు చుక్కల మూలమున కలిగినది. ఆకాశమునుండి రాలిపడు చుక్కల చరిత్రను ఏ పుస్తకమున చదివినను అందు కలము పట్టినవారి పేర్లే యుండును. కాని రాలు చుక్క దూరదర్శినికి చిక్కునది కాదు. ఇచ్చట వెదకుమని ముందుగా చెప్పి రాదు. రెప్పపాటున వచ్చి రెప్పపాటున పోవును. దానిని చూచుటకు కావలసిన పరికరము ఒక్కటే: ఇతరులు నిద్రించు వేళ మేలుకొని, తల పైకెత్తు తీరిక. ఆ పరికరము పండితులకంటె పాయింట్స్‌మన్లకును, జాలరులకును, పొలము కావలి కాయువారికిని సమృద్ధిగా నున్నది. చూచినవారు వ్రాయలేదు, వ్రాసినవారు అంతగా చూడలేదు. మన దేశమున ఉల్కల చరిత్ర ఈ రెంటి నడుమ సందులో జారిపోయినదని నా నమ్మకము.

వ్రాసినవారి మాటయే ముందు చూతము. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు తన బృహత్సంహితయందు ఉల్కలకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కేటాయించి, వానిని ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్, తార యని ఐదు తెగలుగా విభజించెను. స్వర్గమున పుణ్యఫలమును అనుభవించి, అది తరిగిపోగా క్రిందికి జారు వారి రూపములే ఇవి యని ఆయన చెప్పిన కారణము. ఏ ఉల్క ఏ దిక్కున పడిన ఎవరికి కీడు, రాజునకా, మంత్రికా, పంటకా యని శకునముల పట్టిక యొకటి పిమ్మట సాగును. ఆ పట్టికను నేడు నమ్మనక్కరలేదు. కాని ఆ వర్గీకరణ కూర్చినవాడు, లేదా ఆయనకు పూర్వము దానిని కూర్చిన పేరెరుగని వృద్ధులు, రాత్రులు రాత్రులు ఆకాశమును చూచినవారే యని మాత్రము ఒప్పుకొనక తప్పదు. సన్నని తెల్లని తీగవలె సాగునది, తోక యీడ్చుచు పోవునది, పెళపెళ ధ్వనితో నేలను తాకునది వేరువేరని చూడనివానికి తోచదు.

ఉల్క యన్న సంస్కృతపు మాటకు మొదటి అర్థము మండుచున్న కట్టె; మన తెలుగున కొఱవి. దీపావళినాటి సంధ్యవేళ గోగుకట్టెలకు నూనెగుడ్డ పీలికలు చుట్టి పిల్లలచేత దివిటీలు కొట్టించు ఆచారము ధర్మశాస్త్రములలోని ఉల్కాదానమే. పితృదేవతలకు తిరుగుదారి చూపుటకై ఎత్తిన వెలుగు అది. పైనుండి జారు కొఱవికిని, క్రిందినుండి ఎత్తు కొఱవికిని ఒకే పేరు పెట్టిన పూర్వుల బుద్ధికి నేను ముచ్చటపడుదును. కాని మా ఇండ్లలో ఉల్క యన్న మాట వినబడెడిది కాదు. ‘చుక్క తెగింది’ అనెడివారు. కొందరు ‘చుక్క రాలింది’ అనెడివారు. తెగుటకు తాడుండవలె, రాలుటకు కొమ్మ యుండవలె. ఆకాశమును దండెముగా భావించినవారు కొందరు, చెట్టుగా భావించినవారు కొందరు అన్నమాట. ఆ క్షణమున మా అవ్వ, ‘అటు జూడబాక, పచ్చని చెట్టు జూడు’ అని నా గడ్డము పట్టి వేపచెట్టు వైపు త్రిప్పెడిది. ఎవరి ప్రాణమో పోయినదని ఆమె లెక్క. చీకటిలో వేపచెట్టు పచ్చగా నుండదని అప్పుడు నాకు తోచలేదు, ఆమెకును తోచలేదు.

రాలినది నిజముగా నేలకు చేరిన సందర్భమొకటి మా ప్రాంతపు పేరనే ప్రపంచపు పట్టికలకు ఎక్కినది. 1852 జనవరి 23న, విరోధికృతు నామ సంవత్సరపు మాఘమాసము అడుగిడిన దినములలో, నెల్లూరు జిల్లాయందు దొరలు యాటూరని వ్రాసుకొన్న గ్రామమున ఆకాశమునుండి ఒక రాయి పడినది. దాని శకలము లండను మ్యూజియమునకు చేరినది. శాస్త్రజ్ఞుల జాబితాలలో దానికి ‘నెల్లూరు’ అన్నదే పేరు. ఆకాశమునుండి రాళ్లు పడుననిన ఐరోపా పండితులు పల్లెవారి కట్టుకథయని నవ్విన కాలము అప్పటికి ఎంతో దూరము కాలేదు. 1794లో క్లాడ్ని యను జర్మను పండితుడు పొత్తము వ్రాసి వాదించినను చాలమంది పెదవి విరిచిరి. 1803లో ఫ్రాన్సుదేశపు లేగ్ల్ గ్రామముమీద వేలకొలది రాళ్లు ఒక్కమారుగా కురిసి, బియో యను విద్వాంసుడు పోయి ఇంటింట విచారించి వచ్చిన పిమ్మటనే వారు తలలూపిరి. ఆ విచారణయందు సాక్ష్యము చెప్పినవారు రైతులు, పనివాండ్రు. చిత్రమేమనగా, నెల్లూరు రాయి పడిన పదునెనిమిదేండ్ల పిమ్మట సరిగా అదే తేదీన, 1870 జనవరి 23న, విశాఖపట్టణము జిల్లాలోని నెడగొల్ల వద్ద ఇనుప ఉల్క యొకటి పడినది. తేదీల ఈ సామ్యమునకు అర్థమేమియు లేదు. జ్యోతిష్కుల చేతికి చిక్కిన వదలరు గాని నేను వదలుచున్నాను.

చూచుటకును వ్రాయుటకును నడుమ తీగ యొకటి కట్టిన కథ 1872 నాటిది. మద్రాసు నుంగంబాకములోని వేధశాల 1792లో ఈస్టిండియా కంపెనీ వారు కట్టించినది. 1861 మొదలు దానికి నార్మన్ పాగ్సన్ అధిపతి. చింతామణి రఘునాథాచారి ఆయనకు ముఖ్య సహాయకుడు. 1867లో వెలుగు హెచ్చుచు తగ్గుచు నుండు చంచలతార నొకదానిని కనుగొని, పిమ్మట లండను రాయల్ ఖగోళ సంఘమున సభ్యత్వము పొందిన మన పంచాంగకర్త. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమునకు పాగ్సన్ మచిలీపట్టణమునకును, రఘునాథాచారి వనపర్తికిని దండు వెడలిరి. గుంటూరున జాన్సెన్ మొదలగువారు గుడారములు వేసిరి. ఆనాడు తెలుగుదేశమంతయు వేధశాలయే. అట్టి పాగ్సనునకు అంగీరస సంవత్సరపు కార్తికమాసము చివర, జర్మనీలోని గొట్టింగెను నగరమునుండి క్లింకర్‌ఫూస్ అను ఖగోళజ్ఞుడు పంపిన తంతి యొకటి, రష్యాదేశపు తీగలగుండా, గంటన్నరకు కొంచెము పైబడిన కాలములో అందినది. బీలా తోకచుక్క నవంబరు 27న భూమిని తాకినది, సెంటారసు మండలములోని ఫలానా నక్షత్రము దగ్గర వెదకుము అని దాని సారాంశము.

ఏమి జరిగినదనగా, 27వ తేది రాత్రి ఐరోపాలో చుక్కలు చినుకులవలె కురిసినవి. అవి 1846లో రెండుగా చీలి, 1852లో కడపటిసారి కనిపించి మాయమైన బీలా తోకచుక్క చెక్కలేయని పండితులు పోల్చుకొనిరి. తాకిపోయిన ధూళి వెనుక తోకచుక్క తానుగూడ పోవుచుండునేమో, పోయిన దక్షిణాకాశమున నుండవలె, దక్షిణాకాశము కనబడు మద్రాసులో మనవాడొకడున్నాడు గదా యని క్లింకర్‌ఫూస్ ఊహ. పాగ్సన్ రెండు తెల్లవారుజాములు కాచెను; రెండును మేఘముల పాలైనవి. మూడవనాడు మబ్బు విచ్చిన సందున ఒక మసక వెలుగు ఆయనకు చిక్కినది, మరునాడు మరల చిక్కినది, ఆపైన వర్షములు కమ్ముకొన్నవి. అది బీలా కాదు, దారిన పోవు వేరొక తోకచుక్కయని లెక్కలు కట్టినవారు పిమ్మట తేల్చిరి. పొరపాటు ఊహతో పంపిన తంతికి, మబ్బుల చిల్లులోనుండి, అడగని జవాబు వచ్చినది. ఆ రెండు రాత్రులు మద్రాసును కప్పిన మేఘములే మా నెల్లూరు తీరమునకును వచ్చునట్టివి; ఈశాన్య ఋతుపవనపు ముసురు మాకు కొత్తగాదు.

మద్రాసు వేధశాలవారు మేలుకొని నక్షత్రములను చూచుటకును, బిట్రగుంట స్టేషనునకును ఇంకొక బంధుత్వము కలదు. ఇది నాకు తెలిసిన నాడు కొంతసేపు మాట రాలేదు. ఆ దినములలో రైళ్లు మద్రాసు కాలముననుసరించి నడిచెడివి. గ్రీనిచ్ కంటె ఐదు గంటల ఇరువదియొక్క నిమిషముల పదునాలుగు సెకండ్లు ముందున్న ఆ కాలమును, నుంగంబాకములో నక్షత్రములు మధ్యరేఖను దాటు క్షణములను పట్టి, గడియారమును సరిచేసి, తంతి తీగమీద స్టేషనులకు పంపెడివారు. 1899లో, ఈ రైలుమార్గము కలిసిన ఏటనే, వేధశాల ముఖ్యకార్యము కొడైకెనాలు కొండకు తరలినను, గడియారము పని మద్రాసున నిలిచెను. 1905-06లో భారతదేశమునకంతటికి ఒకే ప్రమాణకాలము వచ్చి గడియారపు ముల్లు తొమ్మిది నిమిషములకు చేరువగా ముందుకు జరిగినది. అంతవరకును మా స్టేషను మాస్టరు గోడ గడియారము చూచి పచ్చజెండా ఊపినపుడెల్ల, వెనుక ఎక్కడనో ఒకడు మేలుకొని చుక్కను చూచిన ఫలమే ఆ జెండాను ఊపించెడిది.

తెలుగువారి స్వంత వేధశాలల ముచ్చట సంగ్రహముగా చెప్పుదును. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు స్వధనముతో నిలిపిన వేధశాలను ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపెను; హైదరాబాదున నవాబు జఫర్‌జంగు 1901లో నాటిన నిజామియా వేధశాల 1908లో ప్రభుత్వపు చేతికి వచ్చి, లక్షలకొలది నక్షత్రముల స్థానములను పలకలమీద కొలిచినది. వీరి లోకము నిలుకడగల చుక్కలది. తెగిపడు చుక్కల జోలికి పోయిన హైదరాబాదువాడు అబ్దుర్ రహమాన్ ఖాను. ఉస్మానియా కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన ఆచార్యుడు. బేగంపేటలో ఆకాశమును చూచి ఉల్కలను లెక్కించి, విదేశపు ఖగోళ పత్రికలకు వ్రాసెడివాడు, ఉల్కాశిలలను సేకరించెడివాడు. కలమును, మేలుకొనుటయు ఒకే మనుష్యునియందు కలిసిన అరుదైన సందర్భములలో అది యొకటి.

ఇప్పుడు మా ఊరి ఆకాశమునకు వత్తును. చుక్కలు కురియు రాత్రులు సంవత్సరమున కొన్ని కలవు. కాని వానలన్నియు అందరివి కావు. ఆగస్టు నడుమ వచ్చు పర్సియడులు ఐరోపావారికి పండుగ; మాకు శ్రావణపు మబ్బు. నవంబరు 17, 18 తేదీలకు మఖా నక్షత్రమున్న సింహరాశి మెడనుండి వచ్చు లియోనిడులు చరిత్రలో మిక్కిలి ఘనత వహించినవి. 1799లో హంబోల్టు దక్షిణామెరికాలోని కుమానాలోను, 1833లో ఉత్తరామెరికా జనులందరును చూచి దిగ్భ్రమ చెందినవి అవే. కాని నెల్లూరుసీమకు అది వాయుగుండముల కాలము. కార్తికమున శివాలయపు ధ్వజస్తంభముమీద ఎత్తిన ఆకాశదీపము తప్ప ఆకాశమున మరియొక వెలుగు కానరాని రాత్రులు ఎన్నియో. మాకు దక్కినవి డిసెంబరు 13, 14 తేదీల జెమినిడులు. అప్పటికి వానలు వెనుకపట్టి, గాలి కడిగినట్లుండి, ధనుర్మాసపు మంచు ఇంకను చిక్కపడక యుండును. పునర్వసు నక్షత్రపు జంట చుక్కల దగ్గరనుండి అవి వెలువడును. ఆ జంట మునిమాపు దాటిన కొంతసేపటికి ఈశాన్యమున లేచి, రాత్రి రెండింటి ప్రాంతమున నడినెత్తికి కొంచెము ఉత్తరముగా చేరును. లియోనిడు సెకండునకు డెబ్బదియొక్క కిలోమీటర్ల వేగమున గీతగీసి మాయమగును. జెమినిడు అందులో సగము వేగమున, ముప్పదియైదు కిలోమీటర్ల చొప్పున, ప్రక్కవానిని పిలిచి చూపునంత నిదానముగా పోవును. వీని పుట్టుక తోకచుక్క కాదు. 1983లో ఒక ఉపగ్రహపు కంటికి చిక్కిన ఫేథాన్ అను రాతిముద్ద. నువ్వుగింజయంత రేణువు నూరు కిలోమీటర్ల ఎత్తున గాలిని రాచుకొని మండుటయే మనము చూచునది. బిట్రగుంటలో నిలిచి పడమట సగము ఎత్తున చూచిన చుక్క ఇంచుమించు ఉదయగిరి కొండలమీద వెలిగినదన్న మాట.

అర్ధరాత్రి దాటిన పిమ్మటనే చుక్కలు మెండుగా తెగుననుట లోకమంతట ఉన్న అనుభవము. కారణము మా ఊరివారికి చెప్పనక్కరలేనంత తేలిక. వానలో పరుగెత్తు రైలున ముందున్న ఇంజను అద్దము కొట్టుకొని తడియును. వెనుకనున్న గార్డు పెట్టె అద్దము దాదాపు పొడిగా నుండును. భూమియు అట్టి రైలే. సూర్యుని చుట్టు పరుగిడు భూమికి తెల్లవారుజాము ప్రక్క ఇంజను. సాయంకాలపు ప్రక్క గార్డు పెట్టె. కావున రాత్రి పదింటికి ఆరుబయట మంచము వేసికొని చూచు ఉత్సాహవంతునికంటె, రాత్రి రెండింటికి షెడ్డు బూడిదగుంటలో యంత్రమునుండి నిప్పు దించు పనివాని తలమీదనే చుక్కలు ఎక్కువగా రాలెడివి. జువ్వలదిన్నె వైపు తీరమున వేగుచుక్కకంటె ముందు లేచి తెప్పలు నీటికి త్రోయు పట్టపువారికిని ఈ వాటా దక్కినది. చుక్కల గుంపులైన పిల్లలకోడి ఎక్కడ నున్నది, గొల్లకావడి ఎప్పుడు వ్రాలినది యని చూచి గంట చెప్పగలవారు. చుక్క తెగినపుడు మాత్రము మాట్లాడరు, సముద్రముమీదికి పోవు వేళ ఆ మాట అనకూడదు. కొఱవి దయ్యమును చూచితిమని పొలముల కావలివారు చెప్పిన కథలలో ఎన్ని ఉల్కలు దాగియున్నవో ఎవరు చెప్పగలరు?

1971 అక్టోబరున శ్రీహరికోటనుండి తొలి రాకెట్టు లేచిన నాటినుండి మా దక్షిణాకాశమున క్రిందినుండి పైకి పోవు చుక్కయు ఒకటి చేరినది. రాత్రి ప్రయోగమున్న నాడు మేడలెక్కి చూచు జనమును చూడగా, పచ్చని చెట్టు వైపు గడ్డము త్రిప్పు అవ్వలు ఇప్పుడు లేరని తెలియును. 1980 ప్రాంతమున ఈ మార్గమునకు విద్యుత్తు వచ్చినది. ఆవిరి యంత్రములు క్రమముగా వెళ్లిపోయినవి, షెడ్డు వెలవెలబోయినది. యార్డులో ఎత్తైన స్తంభములమీద దీపములు వెలసి, వాని క్రింద చుక్కలు సగము మాసినవి.

నేను చెప్పబోవునది ఆ దీపములకు ముందటి మాట. మా నాయన డ్రైవరు. ఏ రాత్రి ఏ గూడ్సునకు పిలుపు వచ్చునో తెలియదు. బండికి రెండు గంటల ముందు కాల్ బాయ్ హరికేన్ లాంతరు పట్టుకొని, చంకన కాల్ బుక్కును పెట్టుకొని క్వార్టర్ల వరుస వెంట వచ్చి తలుపు తట్టెడివాడు. బాయ్ అన్నది ఉద్యోగపు పేరే గాని మనిషికి నలుబది దాటినవి. డ్రైవరు తలుపు తీసి, లాంతరు వెలుగున గంటయు నిమిషమును చూచుకొని, పుస్తకమున సంతకము చేయవలె. సంతకము లేనిదే కాల్ బాయ్ కదలరాదు. నిద్రలేచుటలో మా నాయనకు నిదానము ఎక్కువ. ఒక మార్గశిరపు రాత్రి ఆయన వెనుకనే నేనును లేచి వాకిటికి వచ్చి, పుస్తకమును పట్టి యుంచుమనగా పట్టితిని. నల్లబడిన అట్ట, కిరసనాయిలు వాసన, వ్రేళ్ల మసితో అంచులు వంకరలు తిరిగిన పుటలు. వరుసగా పేర్లు, బండి సంఖ్యలు, పిలిచిన సమయము నిమిషముతో సహా. పుట అంచున, మా నాయన పేరు సూటిగా, పెన్సిలుతో నాలుగు చిన్న గీతలు. పైవరుసలలో ఒక పేరు ప్రక్కన రెండు, ఇంకొక పేరు ప్రక్కన ఒకటి. కొన్నింటి ప్రక్కన ఏమియు లేదు.

మా నాయన వానిని చూచి కనుబొమలు ముడిచెను. ఆఫీసులో ఎవరైనా చూచిన ఆలస్యపు లెక్కయని అనుకొందురేమో యని ఆయన భయము.

‘ఏందిరా ఈ గీతలు?’

ఆతడు లాంతరు వత్తిని తగ్గించి, పుస్తకమును నా చేతిలోనుండి తీసికొనెను.

‘చుక్కలయ్యా. మీరు తలుపు తీసేలోపల తెగినయి.’